ఖాతాదారు తోటకెళ్ళారు

జెమ్మా కిందికి దిగేసరికి వంటింటి గట్టు మీది చిన్న తెర ఎర్రగా వెలుగుతోంది. కెటిల్ పెట్టినప్పుడల్లా అది అలాగే ఎర్రబడుతుంది. ఇంట్లో కరెంటు, గ్యాసు ఎంత ఖర్చవుతున్నాయో ఎప్పటికప్పుడు చూపించడానికి కంపెనీ వాళ్ళు మీటరుతో పాటు ఇచ్చిన తెర అది. తల్లి నోరీన్ రాత్రి గౌను మీద చలికోటు తొడుక్కుని, పాలు పొంగకుండా కాపలా కాస్తున్నట్టు దాని ముందు నిలబడి ఉంది.

"అమ్మా, మళ్ళీ హీటింగ్ తగ్గించావా?"

"తగ్గించలేదు. ఆపేశాను."

"ఆపేశావా! పైన మేసీ రాత్రంతా దగ్గుతూనే ఉంది."

"దగ్గుతోందనే నా దుప్పటి తీసుకెళ్ళి కప్పొచ్చాను. అప్పుడు నువ్వు గురక పెడుతున్నావు."

జెమ్మా విసురుగా నడవలోకి వెళ్ళి గోడ మీది మీట తిప్పింది. వెనకగదిలో బాయిలరు గుర్రుమంది. తెర మీద అంకె ఎగబాకింది. నోరీన్ కోటు బొత్తాలు పైదాకా పెట్టుకుంది. ఆ పెట్టుకోవడంలోనే అంతా ఉంది.

ఉత్తర ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో నవంబరు వస్తే ఆ వీధిలోని ఇళ్ళన్నిటికీ కిటికీలు లోపలి నుంచి చెమ్మగిల్లుతాయి. మేసీ పడుకునే గది మూలలో నల్లటి బూజు మళ్ళీ మొదలైంది. పిల్లకు ఉబ్బసం. గది వెచ్చగా ఉంచమని ఆస్పత్రిలో నర్సు మెత్తగానే చెప్పింది గాని, జెమ్మాకు అది మొట్టికాయలా తగిలింది. కాపురం చెదిరి, కూతుర్ని తీసుకుని పుట్టింటికి వచ్చినప్పుడు తండ్రి క్లిఫ్ ఉన్నాడు. తల్లీ కూతుళ్ళు ఎడమొహం పెడమొహంగా ఉన్నప్పుడు ఆయన ఎవరి పక్షమూ పట్టకుండా టీ పెట్టి ఇద్దరికీ ఇచ్చేవాడు. ఫిబ్రవరిలో ఆయన పోయాక ఆ పని చేసేవాళ్ళు లేరు.

ఆయన ఉండగా కుదుర్చుకున్న ధర గడువు వేసవిలో తీరిపోయింది. అప్పటి నుంచి కంపెనీ తన మామూలు రేటు వేస్తోంది. అంటే అందరికన్నా ఎక్కువ రేటు. వేరే కంపెనీకి మారదామని జెమ్మా అప్పటి నుంచీ చెబుతోంది. తల్లి ఏదో ఒక వంక పెట్టి వాయిదా వేస్తూనే ఉంది.

ఇవాళ శనివారం. దంతవైద్యశాలలో ఫోనులెత్తే తన ఉద్యోగానికి సెలవు. తేల్చేయాల్సిందేనని జెమ్మా ల్యాప్‌టాప్ తెచ్చి టోస్టు పళ్ళెం పక్కన పెట్టింది.

"ఇదిగో, కూర్చో. అన్ని కంపెనీల ధరలూ ఒక్కచోట ఉన్నాయి. అన్నిటికన్నా చవక లార్క్‌వే."

"లార్క్‌వేలో మనుషులు లేరు. మిషను మాట్లాడుతుంది."

"నీకెలా తెలుసు?"

"ఫోన్ చేశాను."

"ఎప్పుడు?"

"చేశానన్నాగా. టోస్టు చల్లారిపోతోంది, తిను."

"సరే, బ్రైట్‌మూర్?"

"వాళ్ళు ఫోనెత్తేలోపు నేను స్కోన్ రొట్టెలకు పిండి కలిపి, కాల్చి, చల్లార్చాను. ఎత్తినావిడ ఇంకొకరికి కలుపుతానంది. ఆ ఇంకొకతను మళ్ళీ ఆవిడకే కలుపుతానన్నాడు."

జెమ్మాకు నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టే కాబట్టి ఆపుకుంది.

"మరి సిల్వర్‌ఫెన్? లార్క్‌వే అంత చవక కాదు గాని, ఇప్పుడు మనం కడుతున్నదానికంటే నయమే."

నోరీన్ శుభ్రంగా ఉన్న బల్లనే మళ్ళీ తుడిచింది. "పక్కింటి రుక్సానా వాళ్ళది అదే. మనిషే ఫోనెత్తుతుందంట. ఇంకా నేను చేయలేదు."

"అమ్మా, మనం కొనేది కరెంటు. స్నేహం కాదు! తీగలు అవే, గొట్టాలు అవే. బిల్లు మీద పేరొక్కటే మారుతుంది."

ఆ చివరి మాటకు నోరీన్ చేతిలోని గుడ్డ ఆగింది. "డబ్బు కడుతున్నప్పుడు మర్యాదగా మాట్లాడమనడం కూడా తప్పేనా?" అంది మెల్లగా.

"మర్యాద కోసం పిల్ల చలిలో వణకాలా?"

నోరీన్ సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పింది.

జెమ్మా పళ్ళు బిగబట్టి పనిలో పడింది. మారడానికి నిరుడు ఎంత వాడారో చెప్పమంది ఆ సైటు. అది తెలియాలంటే పాత కంపెనీ ఖాతా తెరవాలి. తెరవబోతే, నాన్న ఈమెయిలుకు ఒక సంఖ్య పంపాం, అది ఇక్కడ కొట్టండి అంది. ఆ ఈమెయిలు ఇప్పుడు లేదు. ఫిబ్రవరిలో జెమ్మానే మూసేసింది. పోనీ సందేశం పెడదామని చూస్తే, బొమ్మ మొహంతో ఒక యంత్రం ప్రత్యక్షమై ఈ రోజు ఎలా ఉన్నారని అడిగింది. ఎంత వాడామో చెప్పమని ఆమె మూడు రకాలుగా అడిగితే, మూడుసార్లూ కరెంటు పొదుపు చిట్కాలు చూపించింది.

"చిట్కాలు నాకెందుకురా వెధవా, మా అమ్మ నీకు నేర్పుతుంది," అని గొణిగి, జెమ్మా ఫోను తీసి పాత కంపెనీకే కొట్టింది. చేతులు ఖాళీగా ఉంటాయని స్పీకరు పెట్టి బల్ల మీద పడేసింది.

ఒకటి నొక్కండి అన్నారు, నొక్కింది. నాలుగు నొక్కండి అన్నారు, నొక్కింది. తర్వాత పియానో మొదలైంది. మధ్యమధ్యలో పాట ఆగేది. ఎవరో వచ్చారని జెమ్మా ముందుకు వంగేది. 'మీ కాల్ మాకు ఎంతో విలువైనది' అని ఒక గొంతు చెప్పి, మళ్ళీ పియానోకు వదిలేసేది. టీ చల్లారింది. పైన మేసీ కార్టూన్లు చూస్తూ దగ్గుతోంది. నోరీన్ కడిగిన కప్పే మళ్ళీ కడుగుతోంది.

ఎట్టకేలకు ఒక కుర్రగొంతు పలికింది. "నమస్తే, నా పేరు కానర్." జెమ్మా ఇంటి చిరునామా చెప్పింది. "ఆ చిరునామా దొరికిందండీ. నేను మిస్టర్ హార్‌గ్రీవ్స్‌తో మాట్లాడవచ్చా?"

జెమ్మా ఉలిక్కిపడింది. నాన్న పోయారని వీళ్ళకి ఇంకా తెలియదా? ఆమె నోరు తెరిచేలోపే సింకు దగ్గర నుంచి తల్లి గొంతు వినిపించింది. మామూలుగా, తేలిగ్గా.

"ఆయన కూరగాయల తోటకెళ్ళారు బాబూ. వచ్చాక చేయిస్తాను."

"అలాగే మేడమ్." కీబోర్డు టకటకమంది. "పోయినసారి కూడా తోటలోనే ఉన్నారని రాసుంది. అంతకు ముందూ అంతే. బాగా కష్టపడుతున్నట్టున్నారు సార్!" అని సరదాగా నవ్వాడు. "ఏం చేయలేనండీ. ఖాతాదారుతో తప్ప వివరాలు మాట్లాడకూడదు."

జెమ్మా ఫోను ఆపేసింది. సింకులో కుళాయి ఇంకా కారుతోంది.

"అమ్మా. ఏమిటది?"

"ఏది?"

"నాన్న తోటకెళ్ళడమేమిటి? ఎన్నాళ్ళ నుంచి చెబుతున్నావిలా? అందుకేనా మారనివ్వనిది? ఆ గదిలో బూజు పట్టి పిల్ల ఊపిరాడక అవస్థ పడుతుంటే, నువ్వు ఫోనులో నాటకాలాడుతున్నావా? నాన్న చచ్చి..."

"ఆ మాట అనకు!"

నోరీన్ అరుపుకు జెమ్మా ఆగిపోయింది. ఆ గొంతు అంత పైకి లేవగా ఆమె ఎన్నడూ వినలేదు. పైన కార్టూన్ల చప్పుడు కూడా తగ్గింది.

"ఎందుకనకూడదు?" జెమ్మా గొంతు తగ్గించింది గాని కోపం తగ్గలేదు. "నిజం కాదా?"

"నీకు నిజం. ఒక్క పూటలో నిజం చేసేశావు." నోరీన్ తడి చేతులు కోటుకే తుడుచుకుంది. "ఈ బల్ల దగ్గరే, ఈ కుర్చీలోనే కూర్చున్నావు. 'ఒక్కసారి చెప్పండి' అని ప్రభుత్వం వాళ్ళ ఏర్పాటు ఉందన్నావు. మరణం నమోదు చేసినచోట ఇచ్చిన సంఖ్య కొడితే చాలు, అన్ని ఆఫీసులకూ వాళ్ళే చెప్పేస్తారు, ఎంత సుఖమో అన్నావు. నేను ఆయన అంత్యక్రియలకు వచ్చేవాళ్ళకి శాండ్‌విచ్‌లు కోస్తున్నాను. అవి కోయడం అయ్యేలోపు ఆయన పింఛనులో లేడు. పాస్‌పోర్టు లేదు. బండి లైసెన్సు లేదు. ఓటర్ల జాబితాలో లేడు. లైబ్రరీలో కూడా లేడు. 'అమ్మా, అయిపోయింది!' అని ఇక్కడి నుంచి కేకేశావు."

"నీకు భారం కాకూడదని చేశాను."

"నేను అడిగానా?"

జెమ్మా ల్యాప్‌టాప్ మూత మూసింది.

"ఆ మర్నాడు బ్యాంకు. ఆ తర్వాత ఆయన ఫోను. ఆయన గొంతుతో 'ఇప్పుడు లేను, తర్వాత చేయండి' అని వచ్చేది. నాలుగు రోజులు అది విన్నాను. అయిదో రోజు చేస్తే ఈ నంబరు వాడుకలో లేదంది. ఒక్కసారి చెబితే చాలన్నావే. నేను ఒక్కసారి కూడా చెప్పలేదే తల్లీ. ఎవరికీ చెప్పాల్సిన అవసరమే రానివ్వలేదు నువ్వు."

నోరీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. వేళ్ళు బల్ల అంచును పట్టుకున్నాయి.

"కరెంటు వాళ్ళు ప్రభుత్వం కాదుగా. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఇద్దరి పేరా ఉన్న బ్యాంకు ఖాతాలోంచి డబ్బు పోతూనే ఉంది, నీకూ గుర్తు రాలేదు. వేసవిలో ధర పెరిగిందని వచ్చింది. సరే, ఇదొక్కటి నాకు మిగిలింది, నేను చెబుతాననుకుని ఫోన్ చేశాను. ఖాతాదారుతోనే మాట్లాడతాం అన్నాడు. ఆయన... అన్నాను. ఆపైన రాలేదు. రోజూ వెళ్ళేవాడుగా, తోటకెళ్ళాడు అని వచ్చింది. సరేనండీ, వచ్చాక చేయమనండి అన్నాడు. వచ్చాక! ఫోను పెట్టేశాక ఎంత హాయిగా ఉందో తెలుసా? ఆ పూటంతా ఆయన వస్తాడేమోనన్నట్టే ఉంది."

"మరి మిగతా కంపెనీలకు ఎందుకు ఫోన్ చేశావు?"

"ఎవరి దగ్గరైనా చెప్పగలనేమోనని." నోరీన్ తలెత్తకుండానే అంది. "నువ్వు ధరలు చూస్తున్నావు. నేను గొంతులు చూస్తున్నాను. లార్క్‌వే మిషను, ఏ పని మీద చేశారో ఒక్క మాటలో చెప్పండి అంది. ఒక్క మాటలో! 'మా ఆయన' అన్నాను. 'క్షమించండి, అర్థం కాలేదు. మీరు ఇల్లు మారుతున్నారా?' అంది."

జెమ్మాకు నవ్వు తన్నుకొచ్చింది. నోరీన్ పెదవులూ వంకరపోయాయి. ఇద్దరూ ఒక్క క్షణం నవ్వారు. ఆ నవ్వు ఎటు తిరిగి ఏమవుతుందో తెలియక ఇద్దరూ ఒకేసారి ఆపేశారు.

"ఆ వారం నేను ఏదో ఒకటి చేస్తూ ఉండకపోతే కూలిపోతాననిపించింది అమ్మా," అంది జెమ్మా. "ఒక్కో ఆఫీసూ అయిపోతుంటే ఊపిరాడేది. నీకూ అలాగే ఉంటుందనుకున్నాను. అడగాలని తట్టలేదు."

"నీకు చిన్నప్పటి నుంచీ అంతే. గాయం మీది కట్టు ఒక్క ఊపులో పీకేయాలి."

"నువ్వేమో నానబెట్టి తీస్తావు."

"చర్మం ఊడిరాకూడదుగా మరి."

పైనుంచి మేసీ మళ్ళీ దగ్గింది. ఇద్దరూ పైకప్పు వైపు చూశారు. నోరీన్ కోటు విప్పి కుర్చీ వెనక వేసింది.

"ఆ సిల్వర్‌ఫెన్ నంబరు కొట్టు," అంది. "కొట్టి నాకివ్వు. నువ్వు మాట్లాడకు."

"మాట్లాడను."

"నేను ఆగిపోయినా అందుకోకు."

జెమ్మా తలూపి నంబరు కొట్టి ఇచ్చింది. రుక్సానా చెప్పింది నిజమే. పియానో లేదు. కొద్ది రింగులకే ఒకావిడ ఎత్తింది. వయసు మీరిన గొంతు, స్కాట్లాండు యాస. పేరు ఐలా అని చెప్పింది. నోరీన్ చిరునామా చెప్పింది. నిరుడు ఎంత వాడారో తెలియదంటే, ఫరవాలేదు, అలాంటి ఇంటికి నలుగురని లెక్క వేసుకుంటాం అందావిడ.

"ముగ్గురం," అంది నోరీన్.

"మంచిది, ముగ్గురు. ఇప్పుడున్న ఖాతా ఎవరి పేరు మీదుందమ్మా?"

"మా ఆయన పేరు మీద. క్లిఫర్డ్ హార్‌గ్రీవ్స్."

"ఆయన అక్కడున్నారా? ఒక్క మాట అడగాలి."

నోరీన్ నోరు తెరిచింది. మూసింది. జెమ్మా చేయి తనంతట తానే ఫోను వైపు లేచింది. మాట గుర్తొచ్చి, ఆ చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. అవతల ఐలా తొందరపెట్టలేదు. వింటున్నారా అని కూడా అడగలేదు.

"లేరు," అంది నోరీన్. "ఆయన చనిపోయారు. ఫిబ్రవరిలో."

అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"అయ్యో," అంది ఐలా. "క్లిఫర్డ్ అనే పిలిచేవారా అందరూ?"

"క్లిఫ్. వాళ్ళమ్మ ఒక్కతే క్లిఫర్డ్ అనేది, కోపమొస్తే." నోరీన్ కుర్చీలో నిటారుగా జరిగి కూర్చుంది. "నలభై ఆరేళ్ళ కాపురం. చనిపోయాడు. ఇక ఈ ఖాతా నా పేరు మీద రాయండి. నోరీన్. ఒక్కొక్క అక్షరమే చెబుతాను, తప్పు పోకుండా రాసుకోండి."

ఆమె తన పేరు చెప్పడం మొదలుపెట్టింది. సగంలో ఉండగా బల్ల అవతల నుంచి ఒక వింత శబ్దం వచ్చింది. జెమ్మా చేయి ఇంకా తొడ కిందే ఉంది. మొహం మటుకు నలిగిపోయి, చిన్నపిల్లలా నోరు తెరుచుకుని ఏడుస్తోంది. అంత్యక్రియల రోజున వచ్చినవాళ్ళందరికీ టీలు అందించింది. ఆ రోజు గాని, ఆ తర్వాత గాని ఆమె ఏడవగా నోరీన్ చూడలేదు.

"ఐలా గారూ," అంది నోరీన్, "మీరు కాసేపు లైన్లో ఉండగలరా? మా అమ్మాయికి వాళ్ళ నాన్న పోయారు."

"ఉంటానమ్మా. ఎంతసేపైనా ఉంటాను."

నోరీన్ ఫోనును బల్ల మీద పెట్టి, లేచి, బల్ల చుట్టూ తిరిగి కూతురి దగ్గరికి వెళ్ళింది.