పాపాయమ్మ గారి వందనాలు

“సాయంత్రం ఐదుకి చిప్ చేతులు మారుతుంది. మన తీరంలోని రాడార్ కోడ్‌లన్నీ అందులోనే ఉన్నాయి. ప్లేస్, రాజమండ్రి మైనపు బొమ్మల మ్యూజియం. ఇచ్చేది డబుల్ ఏజెంట్ సారిక,” అన్నారు చీఫ్ శ్యాంబాబు గారు.

“ఎలా ఉంటుందండి?” అడిగింది ప్రిస్కిల్లా.

“ఫోటోలన్నీ చెరిపేసి పోయింది. పాస్టరు గారి కూతురు, చాలా అందగత్తె. అంతే తెలుసు. బొమ్మల్లో బొమ్మగా నిలబడుతుంది. నువ్వు టూరిస్టువి. మీ అత్తగారిని తీసుకెళ్ళు.”

“ఆవిడకి మోకాళ్ళ నొప్పులండి!”

“ఇంకా మంచిది. ఎవరూ అనుమానించరు.”

ప్రిస్కిల్లా పోస్టాఫీసులో పనిచేస్తోందనే పాపాయమ్మ గారి నమ్మకం. కోడలు తనంతట తాను ఎక్కడికైనా రమ్మనడం ఇదే మొదటిసారి. పట్టుచీర కట్టుకుని బయల్దేరారు. బస్సు కొవ్వూరు వంతెన దాటేదాకా “నా మీద ఇంత ప్రేముందని తెలీదమ్మా” అంటూనే ఉన్నారు. ఆవిడ మొహం చూడలేక ప్రిస్కిల్లా గోదావరిని చూస్తూ కూర్చుంది.

సినిమా తారల హాల్లో కళ్ళజోడులోని హీట్ సెన్సర్ చేతులెత్తేసింది. స్పాట్‌లైట్ల వేడికి ప్రతి బొమ్మా మనిషిలాగే ఎర్రగా కనబడుతోంది. ఐదు కావస్తోంది. మెళ్ళో కెమెరాతో ఒక విదేశీయుడు లోపలికొచ్చాడు.

పాపాయమ్మ గారు మాత్రం చర్చి గుమ్మంలో నిలబడ్డట్టు ప్రతి బొమ్మకీ చేతులు జోడిస్తున్నారు. “వందనాలండి... వందనాలమ్మా...”

“అత్తయ్యా, అవి బొమ్మలు!”

“అయితే ఏంటి? ఎదురుపడ్డాక పలకరించకపోతే ఏం మర్యాద?”

ప్రిస్కిల్లాకి చప్పున ఆలోచన తట్టింది. తట్టినందుకు తనని తానే తిట్టుకుంది. సారిక దగ్గర విషం లేకుండా ఉండదు. అయినా నోరు ఆగలేదు.

“ఆ వరసలో వాళ్ళనీ పలకరించండత్తయ్యా. దగ్గరికెళ్ళి, గట్టిగా.”

జరీ చీర కట్టిన హీరోయిన్ ముందు ఆవిడ ఆగారు. “వందనాలమ్మా!”

“వందనాలండి,” అంది బొమ్మ.

పాస్టరు ఇంట్లో పెరిగిన నోరు, ఆపుకునేలోపే బదులిచ్చేసింది. పాపాయమ్మ గారికి అందులో వింతేమీ కనిపించలేదు. పక్క బొమ్మ వైపు తిరిగారు. సారిక ఉంగరంలోంచి సూది బయటికొచ్చింది. అది ఆవిడ మెడని తాకబోతుండగా ప్రిస్కిల్లా ఆ చెయ్యి మెలితిప్పింది. చిప్ కిందపడింది. అందుకోబోయిన విదేశీయుడి వేళ్ళని, వాచ్‌మన్ వేషంలో ఉన్న తోటి ఏజెంట్ దుర్గాసాయి బూటుతో తొక్కిపట్టాడు.

“ముసలావిడని ఎర వేశావన్నమాట. నన్ను ద్రోహి అంటారు గానీ,” నవ్వింది సారిక.

ప్రిస్కిల్లా ఆమె చేతులకి బేడీలు తగిలించి దుర్గాసాయికి అప్పజెప్పింది.

“పాపం, ఆ అమ్మాయినెందుకు లాక్కెళుతున్నారే?” అడిగారు పాపాయమ్మ గారు.

“టికెట్ కొనలేదటత్తయ్యా.”

“ఏమైనా మర్యాద తెలిసిన పిల్ల. వచ్చేవారం మళ్ళీ తీసుకొస్తావా?”

“తప్పకుండా,” అంది ప్రిస్కిల్లా, మ్యూజియానికి సీలు వేయమని అప్పుడే మెసేజ్ పెట్టిన చేత్తోనే ఆవిడ కొంగు సర్దుతూ.