కొంచెం వంకరగా ఉన్న స్టీరింగు

ఇలా దగ్గరకు జరుగు తల్లీ, దుప్పటి నాకూ కొంచెం మిగుల్చు. ఒక ఒంటరి మెకానిక్ సంగతి చెబుతాను.

అతని షెడ్డులో రేడియో పొద్దుటినుంచీ మోగుతూనే ఉండేది. పాటల కోసం కాదు, తనది కాని గొంతు ఒకటి వినబడాలని. టీ గ్లాసులు రెండు కొన్నాడు. ఎవరూ రాక రెండోదాంట్లో నట్లు వేసుకున్నాడు. వాళ్ళక్క ఫోన్ చేసి, "ఏరా, మనుషులతో మాట్లాడుతున్నావా, కార్లతోనేనా?" అంటే, "కార్లు ఎదురు చెప్పవక్కా" అని నవ్వేవాడు. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు పనిముట్టు పట్టేవాడు కాదు.

ఓ వానరోజున ఆ షెడ్డు ముందుకి ఎర్రకారు వచ్చింది. రెండే సీట్లు, నేలకి అతుక్కుపోయినట్టుండే పాతకాలపు స్పోర్ట్స్ కారు. భుజం పట్టుకుని దిగినామె బడిలో డ్రాయింగు టీచరు.

"మా నాన్న కారండీ. ఆయన పోయాక నేనే నడుపుతున్నా. భుజం విరిగి అతికిన దగ్గర్నుంచి ఈ స్టీరింగుతో రోజూ కుస్తీనే."

"పాత కార్లు అంతేనండీ. కింద చిన్న మోటారు పెడితే ఒక్క వేలితో తిప్పొచ్చు. బయటికి కనబడదు కూడా."

"తిప్పగలిగితే ఉంచుకుంటాను. లేకపోతే అమ్మేయమంటోంది మా అత్తయ్య." ఆ మాట అంటూ ఆమె కారువైపు చూడలేకపోయింది.

ఇక రోజూ బడి వదలగానే కారుని చూడటానికి వచ్చేది. స్టూలు మీద కూర్చుని పాత పేపర్ల మీద స్పానర్ల బొమ్మలు గీసేది. అతను రెండో గ్లాసులో నట్లు పారబోసి, సబ్బుతో తోమి తోమి టీ పోశాడు. తెప్పించిన మోటారు వచ్చేసినా, ఆ పెట్టెని మాత్రం గోనెపట్టా కింద దాచేశాడు.

"ఇంకా రాలేదండీ" అనేవాడు.

"నడిచొస్తోందా, పాక్కుంటూ వస్తోందా?"

"వానలు కదండీ."

"పాపం, గొడుగు పంపించకపోయారా."

అయితే ఓ సాయంత్రం ఆమె బస్సు కడ్డీ పట్టుకోలేక భుజం నొక్కుకోవడం చూశాడు. మర్నాడే మోటారు బిగించేశాడు. స్టీరింగు చక్రం మళ్ళీ తొడుగుతుంటే తెలిసింది, ఎవరో దాన్ని ఇరుసు మీదున్న పళ్ళలో ఒక పన్ను పక్కకి జరిపి బిగించారు. కారు తిన్నగా పోతున్నా చక్రం కొంచెం వంకరగా ఉండేదన్నమాట. పనివాడి చెయ్యి ఊరుకుంటుందా? సరిచేసేశాడు.

ఆమె ఒక్క వేలితో తిప్పి చిన్నపిల్లలా నవ్వింది. ఒక వీధి చుట్టి వచ్చింది. ఇంజన్ ఆపింది, దిగలేదు.

"బాగాలేదాండీ?"

"చాలా తేలిగ్గా ఉంది. కానీ ఎవరిదో కారెక్కినట్టుంది. అమ్మేస్తాను లెండి."

"ఏం మారిందో చెప్పండి."

"నాన్న నడిపేటప్పుడు ఇది వంకరగా ఉండేది."

"బిగించడంలో తప్పండీ అది. డ్రాయింగు టీచరై ఉండి మీకు వంకర నచ్చుతుందా?"

"మా అత్తయ్య కూడా అదే అనేది, మీ నాన్నకి శ్రద్ధ తక్కువని."

అతను చక్రం ఊడదీసి, పాత వంకరలోనే బిగించి, "పదండి, నేనూ వస్తాను" అంటూ పక్కసీట్లో కూర్చున్నాడు. అది దిగబడిపోయిన సీటు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. తల చిన్నపిల్ల ఎత్తుకి దిగింది. వీధి చివర హఠాత్తుగా, "ఒక్కసారి ఆపండి" అన్నాడు. "చిన్నప్పుడు మీరెక్కడ కూర్చునేవారు?"

"మీరున్నచోటే. స్పీడు ముల్లు చూసి చెప్పడం నా ఉద్యోగం. నలభై నాన్నా, యాభై నాన్నా అని."

అతను చక్రాన్ని తిన్నగా తిప్పి, "ఇటు వంగి చూడండి" అన్నాడు. చక్రం కడ్డీ అడ్డొచ్చి ముల్లు కనబడలేదు. మళ్ళీ వంకరకి తెచ్చాడు. ముల్లు మొత్తం కనబడింది.

"శ్రద్ధ తక్కువై కాదండీ. మీకు కనబడాలని అలా బిగించుకున్నారు."

ఆమె చక్రానికి నుదురు ఆనించింది. కారు టాపు మీద వాన పడుతూనే ఉంది. రేడియో లేకుండా అంతసేపు కూర్చోవడం అతనికి అదే మొదలు.

"ఈ కారు అమ్మను" అంది చివరికి, కళ్ళు తుడుచుకుని.

"నేనూ ఒకటి చెప్పాలి. మోటారు ఎప్పుడో వచ్చింది. బిగిస్తే మీరిక రారని దాచాను."

"గోనెపట్టా కిందేగా? వచ్చినరోజే చూశాను."

"మరి అడగలేదే?"

"అడిగితే బిగించేసేవారుగా." ఆమె కారు కదిలించింది. "ఆ సీట్లో ఊరికే కూర్చుంటే కుదరదు. ముల్లు చూసి చెప్పాలి."

"ఎన్నాళ్ళు?"

"కారు నడిచినన్నాళ్ళు."

అతను గొంతు సవరించుకున్నాడు. "ఇరవై" అన్నాడు.

అదమ్మా సంగతి. మరిచిపోకు, నీ పిల్లలకీ చెప్పు. చెప్పేటప్పుడు నీ తెలివితో ఆ స్టీరింగుని తిన్నగా పెట్టేసేవు. ఆ వంకర అలాగే ఉండనివ్వు.