బెట్టీ పేరున్న రాయి

నవంబర్ ఎనిమిదో తారీఖు పొద్దున ఏడింటికి ఇన్ఫార్మర్ నంబర్ నలభై ఒకటి నదిలో శవమై తేలాడు. తొమ్మిదింటికి టిల్మన్ ఓస్కాంప్ బెర్లిన్‌లో, బోర్డు లేని ఒక ఆఫీసులో, డైరెక్టర్ యోస్ట్ ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"మునిగి చచ్చాడా?"

"మెడ విరిగాక మునిగాడు," అన్నాడు యోస్ట్. "అర్ధరాత్రి దాటాక, పోయేముందు మెసేజ్ ఒకటి పంపాడు. చదువు."

కాగితం మీద ఉన్నది మూడే ముక్కలు. రేపు నాలుగింటికి. ముసలావిడ. ఆరు దేశాల్లో లైవ్.

"ఎవరి పని?"

"ఉత్తర కవచం. నాజీల మనవలమని గర్వంగా చెప్పుకునే ముఠా. డబ్బు ఒక దేశం నుంచి వస్తోంది, పేలుడు మందు ఇంకో దేశం నుంచి. ద్వేషం మాత్రం ఎక్కడికక్కడే దొరుకుతోంది. ఇక్కడి బ్రాంచి గ్రాఫెన్‌రోడాలో ఉంది."

"ముసలావిడ?"

"హెన్నీ లిలియన్. తొంభై రెండేళ్ళు. ఆ ఊళ్ళో మిగిలిన ఆఖరి యూదు మనిషి."

మిగతాది టిల్మన్‌కి చెప్పక్కర్లేదు. మా జర్మనీ ఊళ్ళలో కొన్ని ఇళ్ళ ముందు పేవ్‌మెంట్‌లో ఇత్తడి రేకు బిగించిన అరచేతంత రాళ్ళు పాతి ఉంటాయి. ఆ ఇంట్లోంచి నాజీలు పట్టుకుపోయి చంపేసిన మనుషుల పేర్లు, తేదీలు వాటి మీద ఉంటాయి. పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో యూదుల దుకాణాలూ ప్రార్థనా మందిరాలూ తగలబడిన తేదీ నవంబర్ తొమ్మిది. ఏటా ఆ రోజు ఎవరో ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని ఆ రాళ్ళు తోముతారు. లిండెన్ వీధి పద్నాలుగో నంబర్ ముందున్న మూడు రాళ్ళూ హెన్నీయే తోముతుంది. అవి ఆమె నాన్నవి, అమ్మవి, చెల్లెలివి.

"పోలీసుల్ని దింపండి."

"మేయర్ ఒప్పుకోడు. రెండు వారాల్లో ఎన్నికలు. తుపాకులు కనిపిస్తే ఓట్లు పోతాయట."

"అయితే ఆవిడని రావద్దనండి."

"నువ్వు చెప్పు. నేను చెప్తే ఫోన్ పెట్టేసింది." యోస్ట్ బల్ల కింద నుంచి నల్ల గొడుగొకటి తీశాడు. "కొనలో పేలుడు మందు వాసన పట్టే సెన్సర్. పిడిలో జామర్. నొక్కితే యాభై మీటర్ల లోపు ఏ ఫోనూ పనిచెయ్యదు. కానీ తొంభై సెకన్లే. బ్యాటరీ చిన్నది."

"వాన పడితే?"

"తడువు. అది తెరుచుకోదు."

*

మర్నాడు పొద్దున మునిసిపాలిటీ నారింజ రంగు జాకెట్ వేసుకుని టిల్మన్ లిండెన్ వీధిలో దిగాడు. మూడు రాళ్ళ మీదా ఇత్తడి పాలిష్ మందంగా పేరుకుని ఎండిపోయి ఉంది. అక్షరాలు కనబడటం లేదు.

"రాత్రే ఎవరో పోసి నానబెట్టి పోయారండీ," అన్నాడు ఎదురుగా ఉన్న బేకరీ యజమాని ఎకార్ట్, గుమ్మం ఊడుస్తూ. "సాయం చేసేవాళ్ళేమో అనుకున్నా. మంచిదే కదా, పెద్దావిడకి శ్రమ తగ్గుతుంది."

గొడుగు కొన ఆనిస్తే మూడు రాళ్ళ మీదా కూతపెట్టింది. ఎకార్ట్ దగ్గరున్న పాలిష్ సీసా మూత తీసి పెడితే అక్కడా కూతే. పాలిష్ ఘాటుకి సెన్సర్ మతి పోయిందనుకుని టిల్మన్ దాన్ని ఆపేశాడు. ఆ రోజు అతను చేసిన మొదటి తప్పు అదే.

హెన్నీ తలుపు తీసి కిందనుంచి పైదాకా చూసింది.

"మునిసిపాలిటీ వాడివా?"

"అవునండీ."

"ఆ బూట్లతోనా? పోలీసువి. రా, కూర్చో. కాఫీ తాగుతూ భయపెట్టు."

అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె విని నవ్వింది.

"నన్ను చంపడానికి ఆరు దేశాలు ఏకమయ్యాయా? అంత కష్టం దేనికి? ఇంకో చలికాలం ఓపిక పడితే నేనే పోతాను కదా!"

"ఈ ఒక్క ఏడాదీ మానుకోండి, ఫ్రావ్ లిలియన్. వచ్చే ఏడు నేనే దగ్గరుండి తీసుకొస్తాను."

"వచ్చే ఏటి సంగతి ఎవడికి తెలుసు, అబ్బాయ్?" నవ్వు పోయింది. "యూదు పిల్లల్ని తప్పించి ఇంగ్లండ్ పంపే రైల్లో నాకు సీటు దొరికింది. బెట్టీకి దొరకలేదు. దానికప్పుడు నాలుగేళ్ళు. ప్లాట్‌ఫారం మీద అమ్మ దాని చెయ్యి పట్టుకుని నాకేసి ఊపించింది. దానికి సమాధి లేదు. ఫోటో కూడా లేదు. ఈ భూమ్మీద దానిదంటూ ఉన్నది ఆ రాయొక్కటే. నేను పోయాక తోమేవాళ్ళెవరూ లేరు. ఉన్నన్నాళ్ళూ నేను తోమాలి."

ఆమె కాఫీ కప్పు అతని ముందుకి జరిపింది.

"ఎప్పుడైనా వంగి చూశావా వాటిని? ఒక్కో అక్షరం మనిషి కూర్చుని సుత్తితో కొడతాడు. ఒకటి ఎగిరి ఉంటుంది, ఒకటి కుంగి ఉంటుంది. మెషీన్ మీద చేయరు. చంపడం ఫ్యాక్టరీ పనిలా చేశారు కాబట్టి పేరన్నా చేత్తో చెక్కాలని ఈ రాళ్ళు చేసేవాళ్ళ పట్టుదల. బెట్టీ పేరులో ఆఖరి అక్షరం పక్కకి ఒరిగి ఉంటుంది. నడక నేర్చేటప్పుడు అదీ అలాగే ఒరిగేది."

*

పన్నెండింటికి ఎకార్ట్ బేకరీలో క్యూ ఉంది. టిల్మన్ ముందు ఎర్ర కోటు, ఆకుపచ్చ తోలు గ్లవ్స్ వేసుకున్న పొడుగాటి అందగత్తె నిలబడి ఉంది.

"రై రొట్టెలో జీలకర్ర ఉందా?" అన్నాడు టిల్మన్ గట్టిగా.

"జీలకర్రది ఆదివారమే దొరుకుతుంది," అందామె తల తిప్పకుండా. "గసగసాలది తీసుకోండి."

కోడ్ సరిపోయింది. ఇద్దరూ మూలనున్న బల్ల దగ్గర నిలబడ్డారు.

ఇనెస్ మార్‌వేడె. ఉత్తర కవచం వీడియోల్లో కనిపించే ముఖం ఆమెదే. మొదటి సగం అమ్మమ్మ చేసే కేకు ఎలా చేయాలో చెబుతుంది. రెండో సగం ఈ దేశంలోంచి ఎవరిని తరిమెయ్యాలో చెబుతుంది. చూసేవాళ్ళు నాలుగు లక్షలమంది. మూడేళ్ళుగా ఆమే యోస్ట్‌కి రహస్యంగా కబుర్లు పంపిస్తోంది.

"బాంబు ఎక్కడ?"

"టౌన్‌హాల్ పూలచక్రంలో. నాలుగింటికి మేయర్ తెచ్చి రాళ్ళ దగ్గర పెడతాడు."

"పేల్చేదెవరు?"

"నాకన్నీ చెప్తారా? ఆడదాన్ని, కేకులు చేసుకోమంటారు."

"నలభై ఒకటి పోయాడు, తెలుసా?"

"విన్నాను." ఆమె కప్పు ఎత్తి తాగింది. చెయ్యి ఏమాత్రం వణకలేదు. అతను దాన్ని ధైర్యం అనుకున్నాడు. అది రెండో తప్పు.

*

పూలచక్రం రెండు దాటాక గానీ టౌన్‌హాల్‌కి రాలేదు. మూడున్నరకి టిల్మన్ దాన్ని నేలమాళిగలో పువ్వు పువ్వూ విప్పేశాడు. ఉన్నది పూలు, తీగ, రిబ్బను. మేయర్ సెక్రటరీ గుమ్మంలో నిలబడి శోకాలు పెట్టింది.

"అయ్యో, అది ఆర్డరిచ్చి చేయించాం! ఇప్పుడు మేయర్ గారు ఏం పట్టుకెళ్తారు?"

"ఖాళీ చేతులతో రమ్మనండి."

"అలా అయితే ఆయన రారు."

నిజంగానే రాలేదు. ఇనెస్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్. అప్పుడు వెలిగింది మన ఏజెంటుకి. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వీధిలో పడి పరిగెత్తాడు.

నాలుగు కొట్టేసరికి లిండెన్ వీధిలో పన్నెండుమంది ఉన్నారు. నిరుడు నలభై మంది వచ్చారు. పద్నాలుగో నంబర్ కిటికీలన్నీ మూసి ఉన్నాయి. రెండో అంతస్తులో ఎవరో కావాలనే రేడియో పెద్దగా పెట్టారు. హెన్నీ దిండు మీద మోకరిల్లి అప్పటికే నాన్న రాయి తోమేసింది. యూలియస్ లిలియన్. వంకర టింకర అక్షరాలు బంగారంలా మెరుస్తున్నాయి. తరవాత అమ్మ, ఫ్రీదా. అక్కడా అక్షరాలు ఎగుడు దిగుడే.

టిల్మన్ వగరుస్తూ ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె గుడ్డ మూడో రాయి మీద పడింది. పాలిష్ పొర ఊడి బెట్టీ పేరు బయటికి వచ్చింది.

అక్షరాలు పరేడ్‌లో నిలబడ్డ సిపాయిల్లా ఉన్నాయి. ఒక్కటి కూడా గీత దాటలేదు. ముఠావాళ్ళు పాత రాయి పెకలించి, కింద బాంబు పెట్టి, కొత్త రాయి చేయించి బిగించారు. ఎంతైనా నీట్‌నెస్ పిచ్చి కదా, మెషీన్ మీద చక్కగా చెక్కించారు.

"ఇది బెట్టీ కాదు," అంది హెన్నీ మెల్లగా.

టిల్మన్ గొడుగు పిడి నొక్కాడు. బేకరీలో ఫోన్‌లో మోగుతున్న పాట ఆగిపోయింది. ముఠావాళ్ళ లైవ్ తెగి ఆరు దేశాల్లో తెర నల్లబడింది.

"బాంబు! పరిగెత్తండి!"

పన్నెండుమందీ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. "ఏ వైపు?" అని అడిగాడొక పెద్దమనిషి.

"మూల మీదకి! వెళ్ళండి!"

ఇరవై సెకన్లు. హెన్నీ కదలదు. వేళ్ళతో రాయి అంచు గీకుతోంది. "బెట్టీ ఏదీ? ఏం చేశార్రా దాన్ని?"

"ఎకార్ట్! ఈవిడని ఎత్తుకో!"

బేకరీవాడు పిండి బస్తాని ఎత్తినట్టు ఆమెని భుజాన వేసుకుని పరిగెత్తాడు. నలభై సెకన్లు. వీధి ఖాళీ అయింది. వీధి పక్కనున్న చెట్టు కింద ఒక్క మనిషి మాత్రం పరిగెత్తకుండా నిలబడి ఫోన్ నొక్కుతోంది. నొక్కుతోంది, చూస్తోంది, మళ్ళీ నొక్కుతోంది. ఎర్ర కోటు.

డెబ్భై సెకన్లు. టిల్మన్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆకుపచ్చ గ్లవ్ అతని దవడ మీద పడింది. ఎనభై. ఫోన్ రోడ్డు మీద పడింది. ఎనభై ఆరు. అతను మడమతో తొక్కాడు. ఇంకోసారి తొక్కాడు. గొడుగు పిడిలో దీపం ఆరిపోయింది. వీధి మూల నుంచి పన్నెండు ఫోన్లు ఒక్కసారిగా మోగాయి.

"మూడేళ్ళలో మీకు రెండొందల నిజాలు చెప్పాను," అంది ఇనెస్, బేడీలు పడుతుంటే జుట్టు సర్దుకుంటూ. "ఒక్కటే అబద్ధం. మీ ఆఫీసులో ఇంత మంచి రికార్డు ఎవరికుంది?"

*

రాయి కింద రెండు కిలోల పేలుడు మందు దొరికింది. యోస్ట్ ఫోన్ చేసి అభినందించాడు. మూడోరోజు మళ్ళీ చేశాడు, ఈసారి గొంతు తగ్గించి.

"కేసు కోర్టుకి వెళ్ళదు."

"ఎందుకు?"

"గ్రాఫెన్‌రోడా ముఠాలో ఉన్నది పదకొండుమంది. అందులో ఐదుగురు మన ఇన్ఫార్మర్లే. గొయ్యి తవ్వినవాడు కూడా. ఇది బయటపడితే ముఠాని నడిపింది మనమే అంటారు."

"అనడం దేనికి, నిజమేగా! మరి ఇనెస్?"

"కొత్త పేరు, కొత్త ఊరు. మనమే ఇవ్వాలి. నోరు విప్పకుండా."

టిల్మన్ ఫోన్ పెట్టేశాడు. 

అసలు రాయిని వంతెన మీదనుంచి నదిలో పారేశామని దొరికినవాళ్ళలో ఒకడు చెప్పాడు. ఎవరూ దిగి వెతకలేదు. ఎన్నికలు జరిగాయి. ఉత్తర కవచానికి బయట నుంచి చప్పట్లు కొట్టే పార్టీ టౌన్‌హాల్ గెలుచుకుంది. ఆ వారమే పద్నాలుగో నంబర్ ఇంట్లో అద్దెకున్నవాళ్ళంతా సంతకాలు చేసి ఒక అర్జీ పెట్టారు. మాకు యూదుల మీద కోపం ఏమీ లేదు, కానీ ఈ రాళ్ళవల్ల మా ప్రాణాలకి ముప్పు ఉందని తేలింది, పిల్లలున్నవాళ్ళం, దయచేసి తీయించండి. కొత్త మేయర్ వెంటనే మంజూరు చేశాడు. బాంబు చేయలేకపోయిన పనిని భద్రతా కారణాలు చేసిపెట్టాయి.

డిసెంబర్ మొదట్లో ఒక పొద్దున ఇద్దరు మునిసిపాలిటీ పనివాళ్ళు వచ్చారు. ఈసారి నిజమైనవాళ్ళే. చాలా మర్యాదగా యూలియస్‌నీ ఫ్రీదానీ పెకలించి గుడ్డలో చుట్టారు. మూడు గుంటల్లోనూ సిమెంటు పోసి చదును చేశారు. హెన్నీ కుర్చీ వేసుకుని చూస్తోంది. టిల్మన్ సెలవు పెట్టి వచ్చి పక్కన నిలబడ్డాడు. చెయ్యగలిగింది అంతే.

"నన్ను క్షమించండి, ఫ్రావ్ లిలియన్."

"నన్ను బతికించావుగా," అందామె. "ఎందుకు బతికించావో నీకు తెలిస్తే చెప్పు."

పనివాళ్ళలో పెద్దవాడు టోపీ తీసి కాగితం అందించాడు. "రసీదండీ. ఇత్తడి రాళ్ళు, రెండు. ఇక్కడ సంతకం."

హెన్నీ కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. సంతకం చేసింది.

"ముప్పై ఎనిమిదిలో మా నాన్ననీ, కుట్టుమిషన్‌నీ ఒకే రోజు పట్టుకుపోయారు," అంది అతనికి పెన్ను తిరిగి ఇస్తూ. "రసీదు మిషన్‌కి మాత్రమే ఇచ్చారు. వాళ్ళకంటే మీరు నయం బాబూ, నాన్నకి కూడా ఇచ్చారు."