వెంకటనారాయణ బ్యారన్‌లో దగ్గు

మా రాజ్యం పెద్దమ్మకు అన్యాయం జరిగింది 2024 ఫిబ్రవరి 19, సోమవారం, పట్టపగలు, పోలీస్ స్టేషన్ వరండాలో. చేసినవాడు గుంటూరు నాగేంద్రబాబు. పాత వేట తుపాకులు కొంటాడు, అమ్ముతాడు, అమ్మబుద్ధి కానివి గోడకు తగిలించి ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపిస్తాడు. ఈ సంగతి నేను రాసిపెట్టకపోతే మా ఊరి మగాళ్లు తలా ఒక రకంగా చెప్పేస్తారు. ఇప్పటికే దెయ్యానికి కోరలు మొలిపించారు.

ముందు ఆ చోటు సంగతి.

మార్టూరు నుంచి మా ఊరికొచ్చే డొంకలో పొగాకు ఆకును వేడి మీద ఆరబెట్టే బ్యారన్ ఒకటి ఉంది. మా పెదనాన్న వెంకటనారాయణ కట్టించింది. పొగాకు వేయడం మానేశాక లోపలి ఇనప గొట్టాలు పాత సామాను వాళ్లకు పోయాయి. మిగిలింది ఎత్తైన నాలుగు గోడలు, పైన రేకులు, ఒకప్పుడు పొయ్యి ఉన్నచోట నేలకు ఆనుకుని ఒక కంత. ఇప్పుడు మిరపకాయలు దాచుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

పెదనాన్న పోయి రెండేళ్లు. నిరుడు మిరపకోతలప్పటి నుంచి రాత్రిళ్లు అందులో చప్పుడు మొదలైంది.

టక్... టక్... టక్.

ఇనుము రాతికి తగిలినట్టు. కాసేపటికి దగ్గు. రెండు పొడి దగ్గులు, వెనకాలే గొంతు సవరించుకుని సాగదీసిన ఒక "హా...య్".

ఆ దగ్గు ఎవరిదో ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నలభై ఏళ్లు చుట్ట కాల్చిన పెదనాన్నది. పగలంతా అరుగుల మీద కూర్చుని మీసాలు దువ్వుకునే వీరులు చీకటి పడితే ఆ డొంక వదిలేసి చేలకు అడ్డం పడి నడిచేవాళ్లు. గ్రానైటు లారీల డ్రైవర్లు కూడా అక్కడికొచ్చేసరికి అద్దాలు పైకెత్తుకునేవాళ్లు.

పెద్దమ్మను అడిగితే మాత్రం, "ఉంటే ఉండనీ. బతికున్నప్పుడు ఎవరినీ ఏమీ అనలేదు, ఇప్పుడేం అంటాడు?" అనేది. మిరపకాయలకు కాపలా మనిషిని పెట్టుకోమన్నా పెట్టుకోలేదు. దెయ్యం ఉన్నచోటికి దొంగలెందుకొస్తారంది.

ఇక తుపాకీ. పెదనాన్న తండ్రికి ఎవరో దొర ఇచ్చిపోయిన ఇంగ్లీషు రైఫిల్. లైసెన్సు పెదనాన్న పేరున ఉండేది. వేట నిషేధించాక వారానికోసారి దాన్ని నూనెగుడ్డతో తుడవడమే ఆయన వేట. ఆయన పోయాక తుపాకీ స్టేషన్‌కు చేరింది. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి, లైసెన్సున్న వాళ్లెవరికైనా అమ్మేసుకుంటే మంచిదని పెద్దమ్మకు కబురొచ్చింది. ఆమెకూ డబ్బు అవసరం పడింది. బోరు ఎండిపోయింది. కొత్త బోరు వేయించకపోతే చేలో మిగిలిన కాపంతా నిలువునా మాడిపోతుంది.

అట్లాంటప్పుడు దిగాడు నాగేంద్రబాబు. ఇస్త్రీ చొక్కా, చేతులకు తెల్ల తొడుగులు. తుపాకీని బాలింత బిడ్డను తీసుకున్నట్టు ఒళ్లోకి తీసుకుని, పెదవి విరిచాడట.

"బోల్టు లేదు కదండీ అమ్మగారూ."

"అంటే ఏంటి బాబూ?"

"గుండు పెట్టాక వెనక మూసే ఉక్కు కడ్డీ. అది లేకపోతే ఇది తుపాకీ కాదండీ, కర్ర. ఎనిమిది వేలిస్తాను. అదీ పెద్దాయన మీద గౌరవంతో."

"ఆ కడ్డీ దొరికితే?"

"దొరికినా తుప్పు ముక్కేనండీ. పాత సామాను వాడికి వేసేయండి."

పెద్దమ్మ సంతకం పెట్టేసింది. నేను ఆ రోజు నల్లపాడులో మా అక్క కూతురి పెళ్లిచూపుల్లో ఉన్నాను. ఊళ్లో ఉండి ఉంటే ఆ తెల్ల తొడుగులు ఊడదీసి పంపేదాన్ని.

అతను చెప్పనిది ఒకటుంది. తుపాకీ మీద చెక్కిన నంబరే బోల్టు మీదా ఉంటుంది. రెండూ జతగా ఉంటే సేకరించేవాళ్లు ఎగబడి కొంటారు. జత విడిపోతే తిరిగి చూడరు. ఇంకోటి కూడా చెప్పలేదు. ఒకప్పుడు తుపాకీ చూడ్డానికి వస్తే పెదనాన్నే అతనితో అన్నాడు: "తుపాకీ ఇంట్లో, బోల్టు బ్యారన్‌లో. రెండిటినీ ఒక కప్పు కింద ఉంచను."

అందుకని ఆ రాత్రే తిరిగొచ్చాడు.

ఇక్కడి నుంచి అతని కారు డ్రైవరు ఇషాక్ చెప్పిన మాట. మర్నాడు మా ఇంట్లో మూడు గ్లాసుల మజ్జిగ తాగితే గానీ ఆ అబ్బాయికి నోరు పెగల్లేదు.

కారు డొంక మొదట్లో ఆపించి, లైట్లు ఆర్పించాడట. బ్యారన్ తలుపు లోపల గడియ వేసి ఉంది. ఖాళీ బ్యారన్‌కు లోపల గడియ ఎవరు వేస్తారని ఆలోచించే తెలివి ఉండాలి కదా... లేదు. కంత దగ్గరికి నడిచాడు. లోపల నుంచి మిరప కోరు ఘాటుగా గుప్పుమంది.

"సార్... ఈ చోటు మంచిది కాదంటున్నారు."

"ఒరేయ్, నేను డిగ్రీ చదివాను."

"దెయ్యం సర్టిఫికెట్లు అడగదు సార్."

నాగేంద్రబాబు బోర్లా పడుకుని కంతలోకి పాకాడు. తల దూరింది... భుజాలు దూరాయి... పొట్ట దగ్గర ఆగిపోయాడు.

"తొయ్యరా!"

"తోస్తున్నా సార్."

"వద్దు, లాగరా!"

"ముందు ఏదో ఒకటి ఖాయం చేయండి సార్."

అప్పుడు, లోపల, చాలా దగ్గర నుంచి...

టక్.

"ఇషాక్... అది నువ్వేనా?"

"నేను మీ కాళ్ల దగ్గరున్నా సార్."

టక్... టక్.

నాగేంద్రబాబు గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "ఉక్కు చప్పుడురా... బోల్టు... బోల్టు వేస్తున్నాడు..."

"తుపాకీ మన కార్లో ఉంది కద సార్."

"బోల్టు ఆయన దగ్గరుందిరా!"

చీకట్లో ఎవరో దగ్గారు. రెండు పొడి దగ్గులు. ఆగి... "హా...య్".

ఇషాక్ చేతుల్లో ఉన్న రెండు కాళ్లూ వెనక్కి తన్నుకున్నాయట.

"వెంకటనారాయణ గారూ! తప్పయిపోయిందండీ! ఎనిమిది వేలు తక్కువే. లక్ష ఇచ్చేస్తాను!"

టక్.

"రెండు!"

టక్... టక్.

"మూడండీ! పిల్లలు గలవాణ్ణి!"

టక్.

అదేం ఆగలేదు. తొందరా పడలేదు. నింపాదిగా, ఒకే తీరుగా పడుతోంది. ఒక్కో దెబ్బకూ నాగేంద్రబాబు ఒక్కో మెట్టు ఎక్కుతున్నాడు. నాలుగన్నాడు, నాలుగున్నరన్నాడు, అయిదు దగ్గర ఏడుపు మొదలుపెట్టాడు. చివరికి అసలు మాట ఊడిపడింది.

"నిజం చెప్పేస్తున్నానండీ! వాడరేవులో బంగళా కట్టిన ఒకాయన జత కలిపి తెస్తే ఆరు లక్షలిస్తానన్నాడు. ఆరే! అంతకుమించి రూపాయి లేదు, మీ మీద ఒట్టు!"

చప్పుడు ఆగిపోయింది.

కీచురాళ్లు కూడా నోరు మూసుకున్నాయి. ఆ తర్వాత... నములుతున్న చప్పుడు. మెల్లగా, తడితడిగా, నాగేంద్రబాబు చెవి పక్కనే.

ఇషాక్ కాళ్లు వదిలేసి కలిమా చదవడం మొదలుపెట్టాడు.

తుపుక్కుమని ఉమ్మిన చప్పుడు. ఆపైన ఒక గొంతు.

"ఆరంటే ఆరేనా బాబూ?"

లోపల బ్యాటరీ లైటు వెలిగింది.

మిరప బస్తాల మధ్య నులక మంచం. మంచం మీద మా రాజ్యం పెద్దమ్మ. కాళ్ల మధ్య ఆకూ వక్కా దంచుకునే చిన్న రాతి రోలు. నోట్లో పళ్లు పోయాక వక్క దంచుకుంటే గానీ ఆమెకు సాగదు. నిరుటి నుంచీ కోతల రోజుల్లో రాత్రిపూట ఎవరికీ చెప్పకుండా వచ్చి ఆ బస్తాల దగ్గరే పడుకుంటోంది. దెయ్యమన్న పేరు ఉండగా కాపలా మనిషికి కూలి దండగని ఊరికి చెప్పలేదు. నాకూ చెప్పలేదు. ఆ లెక్క వేరే తేలుస్తాను.

చేతిలో ఆమె రోకలి. జానెడు ఉక్కు కడ్డీ, పైన పిడికిట్లో ఇమిడేట్టు వంపు తిరిగిన గుండ్రటి పిడి.

నాగేంద్రబాబు కన్నీళ్లతో, చీమిడితో, కోరు మంటతో ఉన్న కళ్లు చికిలించి చూశాడు. భయం కాస్తా ఎగిరిపోయి కెవ్వుమన్నాడు.

"అమ్మగారూ! దాంతో వక్క దంచుతున్నారా!"

"గోడ గూట్లో దొరికింది. నా రోలుకు అతికినట్టు సరిపోయింది."

"ఆపండి! దాని మీద నంబరుంటుంది, అరిగిపోతుందండీ!"

"తుప్పు ముక్కకు నంబరేంటి బాబూ? నువ్వేగా, పాత సామాను వాడికి వేసేయమన్నావు?" అని పెద్దమ్మ ఇంకో వక్క రోట్లో వేసి రోకలి ఎత్తింది.

"ఆరు! ఆరు లక్షలు! ఇషాక్, సాక్ష్యం చెప్పరా!"

"విన్నాను సార్. ఊరంతా విని ఉంటుంది సార్."

అతన్ని మాత్రం అప్పుడే లాగనివ్వలేదు పెద్దమ్మ. రాత్రికి రాత్రే మనసు మార్చుకుంటాడేమోనని అట్లాగే ఉంచింది. తెల్లారాక కోత కూలీలు ఇద్దరొచ్చి పొట్ట చుట్టూ ఆముదం పోసి లాగారు. ఇస్త్రీ చొక్కా కంతలోనే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నమే మళ్లీ అదే స్టేషన్ వరండా. ఈసారి పెద్దమ్మ పక్కన నేనున్నాను. పాత కాగితం రద్దు చేసి, తుపాకీ బోల్టుతో సహా అని కొత్త కాగితం రాయించాను. బోల్టు మీది నంబరు అరగలేదు, తుపాకీ నంబరుతో సరిపోయింది. నాగేంద్రబాబు దాన్ని జేబురుమాలులో చుట్టి గుండెకు హత్తుకున్నాడు. వక్క వాసన ఇంకా పోలేదని ఇషాక్ చెవిలో చెప్పాడు.

ఇంటికొస్తూ ఆటోలో అడిగాను.

"పెద్దమ్మా, చప్పుడంటే సరే. దగ్గు మాత్రం అచ్చం పెదనాన్నలా ఎట్టా దగ్గావే?"

పెద్దమ్మ నా వంక వింతగా చూసింది.

"నేనెక్కడ దగ్గానమ్మా?"

"కోరుకు..."

"పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచీ మిరప కళ్లాల్లో ఉన్నదాన్ని. కోరుకు నేను దగ్గడం నువ్వెప్పుడైనా విన్నావా?"

నిజమే. ఎప్పుడూ వినలేదు.

"మరి...?"

"ఆయనే" అంది పెద్దమ్మ, కొంగు సర్దుకుంటూ. "నేను వక్క దంచితే ఆయనకు నిద్ర చెడుతుంది. బతికున్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. పోయినా ఆ చుట్ట మాత్రం మానలేదు. సరేగానీ, ఆ చెక్కు మీద ఎంతుందో ఇంకోసారి చదువు."

చెక్కు తీసి చదివాను. ఆరు లక్షల్లో ముందిచ్చిన ఎనిమిది వేలు పోను, కొత్త రోకలికి మూడు వందల యాభై కలిపి, అయిదు లక్షల తొంభై రెండు వేల మూడు వందల యాభై రూపాయలు.