అక్క గుండె మీద పిడికిలి

ఇందులో ఒక్క ముక్క కల్పించినా, నాకు మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే ఊడి నీ ఒళ్ళో పడాలి కోడలా!

మా బావ పోయిన మర్నాడే అక్కకి గుండెలో నొప్పి వచ్చింది. రక్తనాళాల్లో అడ్డేమీ లేదన్నారు. స్కాన్ చేస్తే గుండె కొన కూజా అడుగులా ఉబ్బిపోయి కదలకుండా ఉంది. పైభాగం మాత్రం ఎవరో మెడ పిసికినట్టు బిగుసుకుంటోంది.

"పెద్ద దిగులు తగిలితే ఇలా అవుతుంది. చాలామందికి నెలలో సర్దుకుంటుంది," అన్నాడు డాక్టరు.

దిగులట! ఉప్పు తగ్గితే కంచం, ఎక్కువైతే గ్లాసు విసిరిన మహానుభావుడు. ఇంట్లో సామానంతా సొట్టలే. ఆయన కోసం దిగులా? నేను పకపకా నవ్వాను. అక్క నవ్వలేదు.

"దిగులు కాదే... భయం," అంది నా చెవిలో. "ఆయన ఇంకా వదల్లేదు."

నెల గడిచాక, మొన్న మళ్ళీ స్కాన్. ఈసారీ కొన కదలకపోతే మనిషి దక్కడం కష్టమని డాక్టరు ముందే చెప్పాడు.

మిట్టమధ్యాహ్నం. అయినా ఆ గది తలుపు మూస్తే కాటుక డబ్బాలో కూర్చున్నట్టే. తెర వెలుగు ఒక్కటే. ఏసీ చలికి నా ఎముకలు ఒకదాన్నొకటి కౌగిలించుకున్నాయి. స్కాన్ చేసే అమ్మాయి అక్కని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, రొమ్ము కింద చల్లటి జిగురు పూసి, పరికరం ఆనించింది.

తెర మీద అదే కూజా. కొన... కదల్లేదు.

"ఊపిరి వదిలి బిగబట్టండి."

అక్క బిగబట్టింది.

గదిలో ఊపిరి వినిపిస్తూనే ఉంది.

"బిగబట్టమన్నాను కదమ్మా!"

అక్క పెదాలు మూసే ఉన్నాయి. గర్ర్... గర్ర్... చివర సన్నటి ఈల. ఆ వెనకే చుట్ట కంపు. బావ గురక నాకు తెలియకపోవడమేమిటి? పక్క వీధిలో ఉండి కూడా చెవులకి దిండు కట్టుకుని పడుకునేదాన్ని!

"నేను కాదే..." అంటూ అక్క నా కొంగు పట్టుకుంది.

తెర మీద గుండె పైభాగం నొక్కుకుపోయింది. ఒక నొక్కు... రెండు... మూడు... నాలుగు. ఇవతలి పక్క బొటనవేలు.

అమ్మాయి చెయ్యి కొయ్యబారింది.

నాకూ ఏనుగంత భయం వేసింది. దానికి పదింతలు ఒళ్ళు మండింది.

"ఛీ! బతికినన్నాళ్ళూ మంచినీళ్ళయినా ముంచుకుని తాగలేదు. చచ్చాక కూడా ఒక్కడివే పోలేవా బావా? దారి చూపించడానికి మా అక్కే రావాలా?"

గురక ఆగింది. ఎంత రోషమో ఆ మొహానికి! ఒక్కో వేలూ విడింది. గుండె కొన వణికింది... ముడుచుకుంది... మళ్ళీ ముడుచుకుంది. అక్క గుండెల నిండా గాలి పీల్చి, భోరున ఏడ్చింది.

ఇవాళ పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోను. రిపోర్టు బాగా వచ్చిందట, తీసుకెళ్ళమన్నారు.

"మీతో వచ్చిన పెద్దాయన్ని కూడా తీసుకెళ్ళండమ్మా," అంది ఫోనులోనే కౌంటరు మనిషి. "మొన్నటి నుంచీ స్కాన్ గది బయట బల్ల మీదే కూర్చున్నారు. దారి తెలియదంటున్నారు."

నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా. నువ్వెళ్ళి రిపోర్టు పట్టుకురా తల్లీ. బల్ల వైపు చూడకు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో... పక్కన ఖాళీ లేని చోట కూర్చో.