కమలాకర్‌కు తెలియని నీళ్ళు

పెళ్ళిచూపుల్లో అమ్మాయి అడిగిన ఒక్క ప్రశ్నకు "తెల్వది" అని ఊరుకుని ఉంటే, కమలాకర్ కాకినాడ దాకా వచ్చి ఉప్పు బురదలో కొత్త బూటు పోగొట్టుకునేవాడు కాదు. కానీ ఆ మాట అతని నోటికి అలవాటు లేదు.

హాలియా దగ్గర సాగర్ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్ అతను. తాత మగ్గం వదిలి కాలువ లష్కరుగా చేరి, తూము తలుపులు ఎత్తుతూ దించుతూ ముసలివాడయ్యాడు. తండ్రి చంద్రయ్యదీ అదే పని. మూడో తరం కమలాకర్ గట్టు మీద బండి ఆపి, నీళ్ళలో ఒక పుల్ల వేసి, అది కొట్టుకుపోయే తీరు చూసి పైన ఎన్ని తలుపులు ఎత్తారో చెప్పేస్తాడు. పదింటిలో తొమ్మిదిసార్లు సరిగ్గానే చెబుతాడు. ఆ తొమ్మిదే అతని బుర్ర పాడుచేశాయి. నీళ్ళతో మొదలైన ధీమా మెల్లగా రాజకీయాలకు, మోకాళ్ళ నొప్పులకు, చివరికి పిట్టలకు కూడా పాకింది.

త్రివేణి నార్కట్‌పల్లి పక్కన నేత కుటుంబంలో పుట్టింది. నల్లగొండలో జువాలజీ లెక్చరర్. పెళ్ళిచూపులనాడు ఛాయ్ అందిస్తూ, "నీలితోక బురదపిట్టను ఎప్పుడన్న చూసిన్రా?" అని అడిగింది.

కమలాకర్ ఒక్క క్షణం తడుముకోలేదు. చలికాలంలో తమ కాలువ గట్టుకు జంటలు జంటలుగా వస్తాయనీ, మగపిట్ట గొంతు కొంచెం బొంగురనీ చెప్పాడు. ఆమె "అట్లనా" అని తలూపింది. ఇంటికొచ్చి ఫోన్‌లో ఎంత వెతికినా ఆ పిట్ట దొరకలేదు. మరీ అరుదైన జాతి కాబోలనుకున్నాడు పాపం.

మూడు వారాలు గడిచినా అటునుంచి అవుననీ రాలేదు, కాదనీ రాలేదు. ఆ పిల్ల నవ్వితే ఎడమ బుగ్గ మీద పడే చిన్న గీత మాత్రం అతన్ని వదల్లేదు. దాని ధ్యాసలో ఒకనాడు దించాల్సిన తూము ఎత్తి, ఎవరిదో వరి నారుమడి ముంచాడు. తనకు నిజంగానే ప్రేమ పుట్టిందని ఆ రైతు తిట్లు తింటూ గ్రహించాడు.

అప్పుడొచ్చింది మెసేజ్. త్రివేణి ట్రైనింగ్‌కని కాకినాడలో ఉంది, తోడుగా మేనత్త అండాలమ్మ వచ్చింది. "సోమవారం బాపుకు జవాబు చెప్పాలె. అంతకుముందు మీతోని ఒకపూట నడవాలనున్నది. ఇక్కడ సముద్రపు పాయల పక్కన మంచి జాగా ఉన్నది. వస్తరా?"

కాలువకు నిండా నీళ్ళు వదిలిన ఆగస్టు నెలలో సెలవు పెట్టి, కొత్త బూట్లు కొనుక్కుని వెళ్ళాడు.

ఆ ఉప్పు నేలలో ఎటు చూసినా బురద, మనిషెత్తు మడ పొదలు, వాటి మధ్య మెలికలు తిరిగిన పాయలు. పాయ పక్కనే నడకదారి. దారి మొదట్లో ఒక వాచ్ టవర్, దాని కింద పడవల రేవు. అక్కడి గైడ్ గ్లోరీ చేతిగడియారం చూసి హెచ్చరించింది. "మధ్యాహ్నం పోటు మొదలవుద్దండి. ఒంటిగంటకల్లా వెనక్కి తిరిగెయ్యండి."

నీళ్ళ సంగతి తనకు చెప్పడమేమిటన్నట్టు కమలాకర్ చిన్నగా నవ్వాడు. బురదలో అడుగు పెట్టేది లేదని అండాలమ్మ మురుకుల పొట్లం తీసుకుని టవర్ ఎక్కి కూర్చుంది.

ఇద్దరూ నడిచారు. పాయలో నీళ్ళు సముద్రం వైపు సాగుతున్నాయి, వాళ్ళూ అటే సాగారు. ఒక్క గిట్ట పెద్దగా ఉన్న ఎర్ర పీతలు వీళ్ళను చూసి ఆ గిట్ట ఊపి బొరియల్లో దూరుతున్నాయి. బురదలోంచి మడ చెట్ల వేర్లు పైకి పొడుచుకొచ్చి ఉండటం చూసి, కింద నేల గట్టిగా ఉండి అవి పైకి తిరిగాయని కమలాకర్ వివరించాడు. గాలి పీల్చుకోవడానికని త్రివేణి చెప్పింది. తనన్నదీ అదేనని కమలాకర్ అన్నాడు. ఆమె గీత పడకుండా నవ్వింది.

పొదల చాటున కూర్చుని పులిహోర తిన్నారు. ఒంటిగంట ఎప్పుడు దాటిందో ఇద్దరికీ తెలియలేదు. సన్నటి వాన మొదలైంది. గొడుగు ఒక్కటే, అదీ ఆమెది, ఎర్రది. ఆ వానకు కమలాకర్ మనసులోనే దండం పెట్టుకున్నాడు. బయటికొచ్చేసరికి ఆకాశం మూసుకుపోయింది, టవర్ ఆ మబ్బు రంగులో కలిసిపోయింది, అడుగుజాడలు కరిగిపోయాయి, ఎటు చూసినా అదే బురద, అవే పొదలు.

కమలాకర్ కంగారుపడలేదు. పాయలో పుల్ల వేసి, అది కొట్టుకుపోతున్న వైపు చూశాడు.

"పొద్దుగాల నీళ్ళ వెంబడి వచ్చినం. ఇప్పుడు నీళ్ళకు ఎదురు పోవాలె. అంతే లెక్క."

"పక్కానా?"

"మూడు తరాల సంది నీళ్ళ మీదనే బతుకుతున్నం త్రివేణి గారూ."

నీళ్ళకు ఎదురు నడిచారు. ఒక చోట బురద అతని ఎడమ బూటు మింగేసింది. చెయ్యి పెట్టి వెతికితే పీత దొరికింది గానీ బూటు దొరకలేదు. ఒంటి బూటుతో కూడా హుందాగా నడవవచ్చని ఆమెకు చూపించబోయి రెండుసార్లు జారాడు. ఇంతలో ముందు నుంచి ఎడతెగని హోరు వినిపించింది. అదేం సప్పుడని ఆమె అడిగింది.

"హైవే" అన్నాడు కమలాకర్. "లారీలు."

నార్కట్‌పల్లి లారీల మోత వింటూ పెరిగిన పిల్ల, ఆమెకూ నమ్మబుద్ధయింది. ఇంకో పావుగంట నడిచారు. పొదలు అయిపోయాయి. ఎదురుగా సముద్రం.

కమలాకర్ చాలాసేపు దానివైపు చూశాడు. వెనక్కి తిరిగి పాయలో ఇంకో పుల్ల వేశాడు. అది సముద్రం నుంచి లోపలికి, ఒడ్డు వైపు హాయిగా కొట్టుకుపోయింది. వచ్చిన దారి మీద అప్పటికే జానెడు నీళ్ళు నిలిచాయి. మూడు తరాల్లో అతని ఇంట్లో ఎవరూ వెనక్కి పారే కాలువను చూడలేదు. గ్లోరీ చెప్పిన పోటు ఇదేనని ఇప్పుడు అర్థమైంది. సోమవారం జవాబు ఏమిటో కూడా అర్థమైపోయింది. సంబంధం ఎలాగూ పోయిందనుకున్నాక నోటికి భయం లేకపోయింది.

"తోవ నాకు తెల్వది" అన్నాడు. "నీళ్ళు ఎన్కకు పారుతయని తెల్వది. గా వేర్ల సంగతి తెల్వది. నీలితోక పిట్టను నేనెన్నడు చూడలె."

"ఎట్ల చూస్తరు? అసొంటి పిట్టే లేదు. మీరేమంటరోనని పుట్టించి అడిగిన."

అతనికి పారిపోదామనిపించింది. చుట్టూ నీళ్ళు, ఒక్కటే బూటు.

"నా ముచ్చట గూడ వినున్రి" అంది త్రివేణి తల వంచుకుని. "పోటు గురించి ఏడేండ్ల సంది పిల్లలకు పాఠం చెప్తున్న. అయినా మీరు పుల్ల ఏసి చెప్పంగనే నమ్మి ఎంబడి వచ్చిన. మీరు మస్తు గప్పాలు కొడ్తరు గని, నీళ్ళను చూసేటప్పుడు మీ మొఖంల గప్పాలు కానరావు. అది చూసుకుంట ఎటు పోతున్ననో మర్చిపోయిన."

కమలాకర్ గుండె ఒక్కసారిగా తేలికైంది. ఏదో చెప్పబోతుంటే ఆమె ఫోన్ మోగింది. అండాలమ్మ.

"బిడ్డా, మీ ఎర్రగొడుగు గంట సంది సముద్రం దిక్కే పోతాంది. నేను టవర్ మీదికెళ్ళి చూస్తనే ఉన్న."

"మరి ముందుగాల ఫోన్ చెయ్యొద్దా అత్తమ్మా?"

"ఒక్క గొడుగు కిందనే ఉన్నరు గద. మంచిగ ముచ్చట పెట్టుకుంటున్నరు, నడిమిట్ల నేనెందుకని ఊకున్న. గిప్పుడు గొడుగు ఆగింది, అందుకే చేసిన. గ్లోరీ పడవేసుకొని వస్తాంది. పిలగాడు ఎట్లున్నడు?"

త్రివేణి కమలాకర్‌ను పైనుంచి కిందకు చూసింది. నడుము దాకా బురద, ఒక కాలికి బూటు, ఇంకో కాలికి సాక్సు.

"మంచిగనే ఉన్నడు అత్తమ్మా" అంది. "సోమవారం దాక ఎందుకు గని, బాపుకు ఇయ్యాలనే ఫోన్ చేసి చెప్పు, నాకు ఇష్టమేనని."

ఆమె ఎడమ బుగ్గ మీద గీత పడింది. కమలాకర్ దాన్ని దగ్గరగా చూశాడు, ఈసారి ఏ తూమూ చేతిలో లేకుండా.

గ్లోరీ వాళ్ళను పడవ ఎక్కించుకుంది. తన చేతిగడియారం ఒకసారి చూపించింది. నీళ్ళు పడవను వాటంతట అవే ఒడ్డు వైపు తోస్తున్నాయి. మడ కొమ్మల్లోంచి బూడిదరంగు పిట్ట ఒకటి లేచి, వాళ్ళ నెత్తి మీదుగా అరుస్తూ వెళ్ళింది.

"అదేం పిట్ట, చెప్పు?" అంది త్రివేణి. 'మీరు' కాస్తా ఎప్పుడో 'నువ్వు' అయిపోయింది.

కమలాకర్ నోరు తెరిచాడు. పేరు, జాతి, ఏ నెలలో హాలియాకు వస్తుందో అన్నీ నాలుక చివర దాకా వచ్చాయి. నోరు మూసుకున్నాడు.

"నాకు తెల్వది. నువ్వే చెప్పు."

త్రివేణి ఆ పిట్ట కనుమరుగయ్యేదాకా చూసి, అతని చెయ్యి పట్టుకుంది.

"నాకు గూడ తెల్వది" అంది.