హమ్మయ్య, జబ్బే

మా స్కాన్ గది బేస్‌మెంట్‌లో ఉంటుంది. కిటికీల్లేవు. బయట మిట్టమధ్యాహ్నమైనా లోపల ట్యూబులైట్ల వెలుగు, స్పిరిట్ వాసన, గోడలోంచి సన్నటి హోరు.

ఘోరమైన ప్రమాదాలు చూసి, ఏళ్లు గడిచినా వాటిలోంచి బయటపడలేనివాళ్ల మెదడు మీద మా డాక్టరుగారు పరిశోధన చేస్తున్నారు. ఆ భయం గుర్తొచ్చినప్పుడు మెదడులో ఏ భాగం మేల్కొంటుందో ఫొటోలు తీస్తాం. మెషిన్ నడిపేది నేను.

ఆ రోజు వచ్చినాయన ఫైర్ సర్వీసులో పనిచేసినవాడు. ఓ గోడౌన్ తగలబడుతుంటే, మంటలు పక్క ఇళ్లకు పాకకుండా దాని ఇనుప తలుపు మూసేశాడు. లోపల ఎవరూ లేరనుకున్నాడు. మూశాక... లోపలినుంచి తట్టారు. తలుపు మళ్లీ తెరుచుకోలేదు. ఆ చప్పుడు అప్పట్నుంచీ ఆయన్ని వదల్లేదు.

"జబ్బని తేలితే చాలమ్మా," అంది ఆయన భార్య నాతో, గొంతు తగ్గించి. "జబ్బైతే మందుంటుంది కదా."

"నా బుర్రలో ఏమీ లేదని పెళ్లైనప్పట్నుంచీ అంటోందండీ. ఇవాళ ఫొటోతో సహా తేలిపోతుంది," అని నవ్వించబోయాడాయన.

ఆయన పడుకున్న బల్లను మెషిన్ గొట్టంలోకి పంపాను. హెడ్‌ఫోన్లలో మంటల చప్పుడు వినిపించాం. తర్వాత అన్నీ ఆపేసి, కాసేపు నిశ్శబ్దం.

తట్... తట్...

గొట్టంలోపలి మైకులోంచి వచ్చింది.

"కాళ్లు కదుపుతున్నాడా?" డాక్టరుగారు గుసగుసగా అడిగారు.

మాకూ మెషిన్‌కీ మధ్యనున్న గాజు అద్దంలోంచి చూశాను. కాళ్లు కదల్లేదు. చేతులు గుండెల మీదే ఉన్నాయి.

తట్. తట్. తట్.

"డాక్టరుగారూ... మీకూ వినపడుతోందా?" గొట్టంలోంచి ఆయన గొంతు.

డాక్టరుగారి మొహం పాలిపోయింది. బటన్ నొక్కి, "లేదండీ. మాకేం వినపడలేదు," అన్నారు.

లోపల పెద్ద నిట్టూర్పు. "హమ్మయ్య. అయితే జబ్బే."

బయటికి తీశాక కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వారని భార్య ఏడ్చేసింది. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్లెక్కి వెళ్లారు. వాళ్ల మొహాల్లోకి మేం చూడలేకపోయాం.

బల్ల తుడుద్దామని లేచాను. డాక్టరుగారు నా చెయ్యి పట్టి ఆపారు.

ఇందాకటి పేషెంటు ఊపిరి కొలవడానికి పొట్టకు కట్టిన బెల్టు ఖాళీ బల్ల మీదే పడుంది. కంప్యూటర్ తెర మీద దాని గీత లేస్తోంది... పడుతోంది... నెమ్మదిగా, ఎవరో ఊపిరి పీల్చి వదులుతున్నట్టు.

డాక్టరుగారు మైకు దగ్గరికి వంగారు.

"ఎవరు?"

గీత పైకి లేచింది.

మళ్లీ కిందకి దిగలేదు.